రోజుకో పజిలు: ముందు అక్షరం లెక్క సరిచూడండి, జవాబు రేపటికి దాచండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. పాఠం మొదలయ్యేలోపు బోర్డు మీద ఒక మాటల పజిలో, ఒక వింత ప్రశ్నో రాసిపెట్టే అలవాటు చాలామంది ఉపాధ్యాయులకు ఉంది. మంచి అలవాటు. ఐదారు నిమిషాల పని, చాక్‌పీసు తప్ప మరేమీ అక్కర్లేదు, పిల్లల చూపు బోర్డు మీద నిలుస్తుంది. అయితే అది జరిగే తీరులో రెండు లోపాలు పదేపదే కనిపిస్తున్నాయి. ఫోనుకు వచ్చిన పజిలును సరిచూడకుండా బోర్డు మీదికి దించెయ్యడం ఒకటి. ప్రశ్న రాసిన రెండో నిమిషంలోనే జవాబు చెప్పెయ్యడం రెండోది. పత్రికల పిల్లల పేజీల్లోనూ ఇవే లోపాలున్నాయి. ప్రశ్న పైన, జవాబు అదే పేజీ అడుగున తలకిందులుగా. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

ముందు అక్షరం సంగతి. ఫోన్లలో తిరిగే పజిళ్లలో చాలావరకు ఇంగ్లీషు అక్షరాల మీద కట్టినవి. వాటిని తెలుగులోకి దించితే లెక్క తప్పుతుంది. ‘తిరగేసినా అదే మాట’ అన్న ఆటకు మలయాళం పేరును ఉదాహరణగా ఇస్తుంటారు. ఇంగ్లీషు లిపిలో రాస్తే నిజమే. తెలుగులో మ, ల, యా, ళం అని నాలుగు అక్షరాలు, వెనక నుంచి చదివితే ళంయాలమ. మన పజిలుకు కొలత గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ కలుపుకున్న నిండు అక్షరం. పుస్తకం అంటే పు, స్త, కం, మొత్తం మూడు. ఉపాధ్యాయుడు అంటే ఐదు. స్త్రీ అంటే ఒకటే. ఈ లెక్క మొదటి వారంలోనే పిల్లలకు రూఢి కావాలి. లేకపోతే ప్రతి పజిలు దగ్గరా ‘సున్నా వేరే అక్షరమా?’ అన్న వాదనతోనే సమయం గడిచిపోతుంది. పొల్లుతో ముగిసే మాటల్ని మొదట్లో వాడకపోవడం మేలు. బస్ అని కాకుండా బస్సు అని, కాలేజ్ అని కాకుండా కాలేజి అని రాస్తే ఏ చిక్కూ లేదు.

వికటకవి అన్న మాట అందరికీ తెలుసు. అలాంటి మాటలు అడిగితే పిల్లలు వెంటనే చెప్పేవి మామ, తాత, పాప, కిటికీ. నాలుగూ తప్పే. మామలో మొదటిది మా, రెండోది మ. తిరగేస్తే మమా. కిటికీలో చివరి అక్షరానికి దీర్ఘం ఉంది, మొదటిదానికి లేదు. ఈ తప్పును కొట్టేసి ముందుకు పోకూడదు, అసలు పాఠం అక్కడే ఉంది. హ్రస్వానికీ దీర్ఘానికీ తేడాను ఇంత గట్టిగా పట్టించే అభ్యాసం మరొకటి లేదు. ‘మామా!’ అని పిలిస్తే మాత్రం సరిపోతుందని ఎవరో ఒకరు తప్పకుండా పట్టుకుంటారు, అది ఒప్పుకోవాల్సిన జవాబే. సరైన ఉదాహరణలకు కొదవ లేదు: జలజ, నయన, మడమ, కునుకు, పులుపు, సమాస, వలువ, మహిమ, విరివి.

తిరగేస్తే వేరే మాటగా మారేవి ఇంకా రుచిగా ఉంటాయి. తల తిరిగితే లత, కలప తిరిగితే పలక, గడప తిరిగితే పడగ. ఇక్కడా ఒక గుంట ఉంది. ధర తిరిగితే రథం వస్తుందని రాసేస్తుంటారు. వచ్చేది రధ. ధకూ థకూ మధ్య లోపలి చుక్క ఒక్కటే తేడా కాబట్టి పజిలు రాసేవారే పొరబడతారు, ఆ పొరపాటును పిల్లలు నోటుబుక్కుల్లోకి ఎక్కించుకుంటారు.

ఒక పజిలును దగ్గర నుంచి చూద్దాం. ‘కలపతో మొదలుపెట్టి గడప దాకా రండి. ఒక్కో అడుగులో ఒక అక్షరం మార్చవచ్చు, లేదా మాటను మొత్తం తిరగెయ్యవచ్చు. ప్రతి అడుగులోనూ అర్థమున్న మాటే రావాలి.’ అనుకున్న దారి ఇది: కలప తిరిగితే పలక, పలకలో నడిమి అక్షరం మారితే పడక, పడకలో చివరి అక్షరం మారితే పడగ, పడగ తిరిగితే గడప. నాలుగు అడుగులు. బోర్డు మీద రాసి వదిలితే మరునాటికి ఇంకో దారి వస్తుంది: కలప, కడప, గడప. రెండే అడుగులు, తిరగెయ్యడం లేదు. కడప ఊరి పేరు కాబట్టి చెల్లదని అప్పటికప్పుడు కొట్టేస్తే ఆ దారి చెప్పిన పిల్ల మళ్లీ జవాబు రాసి ఇవ్వదు. మనుషుల పేర్లూ ఊళ్ల పేర్లూ వాడవచ్చా లేదా అన్నది ప్రశ్నతోపాటే రాయాలి. రాయడం మరిచిపోతే తప్పు ప్రశ్నది, చిన్నదారి జవాబును ఒప్పుకొని తీరాలి. ప్రశ్న బోర్డు మీదికి వెళ్లేముందు ‘దీనికి రెండో జవాబు ఉందా?’ అని రెండు నిమిషాలు వెతకాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

చెల్లాచెదురైన అక్షరాల్ని కూర్చే ఆటలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ల, క, ప ఇచ్చి మాట చెయ్యమంటే కలప వస్తుంది, పలకా వస్తుంది. రెండూ ఒప్పే. మూడక్షరాలను ఆరు రకాలుగా పేర్చవచ్చు, నాలుగైతే 24, ఐదైతే 120, ఆరైతే 720. ఆరు పేర్పుల్ని ఎవరైనా వేళ్ల మీద పెట్టి చూస్తారు. ఇరవై నాలుగు దగ్గర ఆలోచన మొదలవుతుంది. నూట ఇరవై దగ్గర చాలామంది చేతులెత్తేస్తారు, అందుకని ఐదక్షరాల మాట ఇస్తే మొదటి అక్షరం కూడా చెప్పాలి. ఈ పజిళ్లు కంప్యూటరులో తయారుచేసేవారు ఒక సంగతి గమనించాలి. యూనికోడ్‌లో స్త్రీ అన్న ఒక్క అక్షరం ఆరు ముక్కలుగా ఉంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. అక్షరాల్ని కలగలిపే సాఫ్ట్‌వేర్ చాలావరకు ఈ ముక్కల్ని విడగొట్టి చల్లుతుంది. అప్పుడు గుడి ఒకచోట, ఒత్తు ఒకచోట వేలాడుతూ చదవడానికి వీల్లేని అచ్చు వస్తుంది. మాటను ముందుగా చేత్తో అక్షరాలుగా విడదీసి, మధ్యలో ఖాళీలు పెట్టి, ఆ తర్వాతే కలపాలి.

వాక్యంలో దాగిన మాటను పట్టుకునే ఆట చెవికీ కంటికీ ఒకేసారి పని పెడుతుంది. ‘తలుపులిప్పుడే మూశారు’ అన్నదాంట్లో ఒక జంతువు ఉంది: పులి. ‘నీ పలకా కిటికీ పక్కనుంది?’ అన్నదాంట్లో కాకి ఉంది. ‘ఆమే కలిపింది’లో మేక. ఇవి విన్నాక పిల్లలు సొంతంగా కడతారు, కట్టినప్పుడు ‘చెప్పులిక్కడే ఉన్నాయి’ అన్న వాక్యం దాదాపు ఖాయంగా వస్తుంది. చెవికి పులి వినిపిస్తుంది, కానీ అక్కడున్నది ప్పు, పు కాదు. అలాగే ‘ఆమె కలిపింది’లో మె హ్రస్వం, మేక రాదు. ఇలాంటి వాక్యాల్ని తప్పని తీసెయ్యకుండా బోర్డు మీద సరైన వాక్యం పక్కనే రాసి, ఏది చెల్లుతుందో, ఎందుకో పిల్లల చేతే చెప్పించాలి.

రెండర్థాల మాటలతో ప్రశ్న కట్టడం తేలిక. పన్ను, పట్టు, నూరు, చుక్క, చెప్పు లాంటివి తెలుగులో బోలెడు. ‘అడిగితే నోరు విప్పాలి, తొడిగితే అడుగెయ్యాలి. రెండక్షరాలు’ అంటే చెప్పు. ఈ కోవలోదే ఇంకొకటి: దీపానికి గిట్టని అంకె ఏది? దీని జవాబు ఇప్పుడే చెప్పను.

పెదవులు కలవకుండా మాట్లాడే ఆట మరొకటి. ప, ఫ, బ, భ, మ అక్షరాలు లేకుండా వాక్యం కట్టాలి, పక్కన కూర్చున్నవారు పెదవులు చూస్తుండాలి. ‘గాలి తగిలితే ఆకు కదిలింది, చెట్టు కదలలేదు’ అన్న వాక్యం నెగ్గుతుంది. ‘పుస్తకం’ అన్న మాటను పు ఉందని వదిలేస్తారు, ‘కాగితం’ మాత్రం రాసేస్తారు. పలికి చూస్తే చివరి సున్నా దగ్గర పెదవులు కలుస్తాయి. ‘కదిలింది’లో సున్నా ద ముందు ఉంది, అక్కడ నాలుక పళ్లకు తగులుతుంది, పెదవులు తెరిచే ఉంటాయి. ఒకే సున్నా ఒకచోట న్, ఒకచోట మ్ ఎందుకవుతుందో అడగడానికి ఇంతకంటే మంచి అదను దొరకదు. వ్యాకరణం ప్రకారం ఉ, ఊ కూడా ఓష్ఠ్యాలే, అంటే పెదవులతో పలికేవే. అంత కఠినంగా ఆడాలంటే పై తరగతులకు ఇవ్వవచ్చు. అవధానంలో నిషిద్ధాక్షరి (వద్దన్న అక్షరం రాకుండా పద్యం కట్టడం), దత్తపది (ఇచ్చిన మాటలు ఇమిడ్చి పద్యం కట్టడం) అంటారే, వాటికి ఇవి తొలి మెట్లు. ఆ పేర్లు పిల్లలకు చెప్పాలి, తాము ఆడుతున్నది వెనకటి నుంచి ఉన్న విద్య అని తెలియాలి.

పొడుపు కథల విషయం తొందరగా చెబుతాను, వీటిని ఎలా అడగాలో అందరికీ తెలుసు. ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు’ లాంటివి అడిగి కనురెప్పలు అనిపించుకుని ఊరుకుంటే సగం పనే అయినట్టు. కట్టించాలి. ఒక వస్తువు గుణాలు మూడు రాయించి, అలాంటివాటికి సహజంగా ఉండాల్సిన ఒక గుణం దీనికి లేదని చెప్పించి, చివర పేరు చెరిపేయిస్తే పొడుపు కథ తయారవుతుంది. నీడ తీసుకుంటే: ‘వెలుగుంటేనే వెంట వస్తుంది, పొద్దెక్కితే పొట్టిదవుతుంది, ఏట్లో దిగినా తడవదు.’

గళ్ళ పజిలు పుట్టింది పత్రికలోనే. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ అనే పత్రికలో ఆర్థర్ విన్ అనే ఆయన దాన్ని వజ్రం ఆకారంలో అచ్చువేయించాడు. తెలుగులో అడ్డం, నిలువు, ఆధారాలు అంటూ దానికి మన భాష స్థిరపడింది. తిరగబడింది (వెనక నుంచి చదవాలి), తోక తెగింది (చివరి అక్షరం లేదు), తడబడింది (అక్షరాలు తారుమారు) అన్న ఆధారాల మాటలు చదివేవారికి కొట్టినపిండి. ‘కలప తిరగబడి చదువుకొచ్చింది (3)’ అంటే పలక. ఆరో తరగతి పిల్లలు కూడా ఒక వారంలో ఈ పద్ధతి పట్టేస్తారు. కట్టడం మాత్రం కష్టం, దానికి కారణం మన లిపిలోనే ఉంది. ఇంగ్లీషులో ఒక గడిలో 26 అక్షరాల్లో ఒకటి పడుతుంది కాబట్టి అడ్డం, నిలువు సులభంగా కలుస్తాయి. మనకు క, కా, కి, కు, కం అన్నీ వేర్వేరు గళ్ళ సరుకు.

మొదట మూడు గళ్ళ చదరంతో మొదలుపెట్టించాలి. నవల, వనిత, లతలు. ఒకదాని కింద ఒకటి రాసి చూడండి. పై వరుసలో న, వ, ల. నడిమి వరుసలో వ, ని, త. కింది వరుసలో ల, త, లు. అడ్డంగా చదివినా నిలువుగా చదివినా అవే మూడు మాటలు. దీని రహస్యం చిన్నదే. మొదటి మాట రెండో అక్షరంతో రెండో మాట మొదలవ్వాలి, మొదటి మాట చివరి అక్షరంతో మూడో మాట మొదలవ్వాలి, రెండో మాట చివరి అక్షరం మూడో మాట నడుమ పడాలి. మూల నుంచి మూలకు ఉన్న న, ని, లు గళ్ళకు ఏ కట్టడీ లేదు. పిల్లలు ఈ కట్టడిని అర్థం చేసుకున్నాక తెల్లకాగితం మీద గంటల తరబడి ప్రయత్నిస్తారు, నిఘంటువు తిరగేస్తారు. చెప్పకుండా నిఘంటువు తెరిపించే పని ఇంకేముంది?

ఐదు గళ్ళ చదరానికి వెళ్లేసరికి ఇంకో ఇబ్బంది వస్తుంది. తెలుగు నామవాచకాలు చాలావరకు సున్నాతో ముగుస్తాయి: పుస్తకం, నగరం, వాహనం. ఆ చివరి గడి నుంచి నిలువు మాట మొదలవ్వాలంటే కం, రం, నం తో మొదలయ్యే మాట కావాలి. అవి ఉన్నాయి: కంచె, రంగు, నంది. తం అయితే తంత్రం, యం అయితే యంత్రం, వం అయితే వంతెన, శం అయితే శంఖం. కానీ కారణం, గోళం లాంటివి చివర పెడితే దారి మూసుకుపోతుంది, ణం తోనూ ళం తోనూ మొదలయ్యే తెలుగు మాట లేదు. అలాగే పువ్వు, మల్లె, చుక్క లాంటి మాటల్లోని జంట హల్లుతో ఏ మాటా మొదలుకాదు. ఇలాంటి గడి పక్కన నల్ల గడి వెయ్యాలి, లేదా నిలువు మాటకు అది మధ్యలోనో చివరో పడేట్టు చూడాలి. పిల్లలు కట్టిన గళ్ళు సగంలో ఆగిపోతే నూటికి తొంభైపాళ్లు ఈ రెండుచోట్లే ఆగాయని వెతకవచ్చు.

ఇక విజ్ఞానం ప్రశ్నలు. వీటిలో ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే తప్పు జవాబు కూడా ఒప్పులాగే మెరుస్తుంది. చైనా గోడ చంద్రుడి మీద నుంచి కనిపిస్తుందనీ, మనం మెదడులో 10 శాతమే వాడుకుంటామనీ ఇప్పటికీ బోర్డుల మీద కనిపిస్తుంటాయి. రెండూ నిజం కావు. ‘అతి’ అన్న ముక్క ఉన్న ప్రశ్నను ప్రత్యేకంగా అనుమానించాలి. అతిపెద్ద ఎడారి ఏది అంటే అందరూ సహారా అంటారు. అది వేడి ఎడారుల్లో పెద్దది. వానా మంచూ అతి తక్కువగా పడే చోటే ఎడారి అనుకుంటే అంటార్కిటికా దానికంటే పెద్దది. అతి ఎత్తయిన పర్వతం అంటే సముద్రమట్టం నుంచి కొలిస్తే ఎవరెస్టు, 8,848.86 మీటర్లు. సముద్రం అడుగున ఉన్న పాదం నుంచి కొలిస్తే హవాయిలోని మౌనా కియా 10,000 మీటర్లు దాటుతుంది. భూమి కేంద్రం నుంచి అతి దూరంగా ఉన్న శిఖరం ఈక్వడార్‌లోని చింబొరాజో. కొలత ఎక్కడి నుంచో చెప్పని ప్రశ్న ప్రశ్నే కాదు.

నా దృష్టిలో ఈ రకానికి మేలైన నమూనా శుక్రగ్రహం ప్రశ్న. ‘ఏ గ్రహం మీద ఒక రోజు, ఏడాది కంటే పెద్దది?’ అని అడుగుతారు, జవాబు శుక్రుడు. తన చుట్టూ తాను తిరగడానికి మన రోజుల్లో 243 పడుతుంది, సూర్యుడి చుట్టూ తిరగడానికి 225. ఇక్కడితో ఆగకూడదు. రోజు అంటే ఒక సూర్యోదయం నుంచి మరో సూర్యోదయం దాకా అనుకుంటే అక్కడది సుమారు 117 మన రోజులే, ఎందుకంటే శుక్రుడు వెనక్కి తిరుగుతాడు. అప్పుడు రోజు ఏడాదిలో సగమే అవుతుంది. ఒకే ప్రశ్నకు ‘రోజు’ అన్న మాట అర్థాన్ని బట్టి రెండు జవాబులు. ఇలాంటి ప్రశ్న వారానికి ఒకటి చాలు, మిగతా రోజులు తేలికపాటివి ఇచ్చినా నష్టం లేదు.

మారిపోయే లెక్కలకు ఏడాది జతచెయ్యాలి. శని గ్రహం ఉపగ్రహాలు 2019లో 82, 2023లో 145, 2025లో 274. పాత పుస్తకంలోంచి తీసిన అంకెతో పిల్లవాడి జవాబు కొట్టేస్తే, ఇంటికెళ్లి సరైన అంకె చూసుకున్నాక వాడికి బోర్డు మీద నమ్మకం పోతుంది. ప్లూటోను 2006లో గ్రహాల జాబితా నుంచి తీసేశాక కూడా తొమ్మిది గ్రహాల ప్రశ్న తిరుగుతూనే ఉంది. ఒకదాన్ని చూసి ఒకటి దించుకోని రెండు వేర్వేరు చోట్ల సరిచూసిన తర్వాతే ప్రశ్న వెయ్యాలి. ఒకే వాక్యం మాట మారకుండా పదిచోట్ల కనిపిస్తే అది పది ఆధారాలు కాదు, ఒక్కటే.

జవాబు వెంట ‘ఎందుకు’ తప్పనిసరిగా ఉండాలి. ఆక్టోపస్‌కు మూడు గుండెలు అని చెప్పి వదిలితే అది మరునాటికి గాలికి పోతుంది. రెండు గుండెలు మొప్పలకు రక్తం పంపుతాయనీ, మూడోది మిగతా ఒంటికి పంపుతుందనీ, ఆ రక్తంలో ఇనుముకు బదులు రాగి ఉంటుంది కాబట్టి నీలంగా ఉంటుందనీ చెబితే నిలుస్తుంది. లెక్కగట్టి చెప్పే ప్రశ్నలు ఇంకా మంచివి, వాటికి ఫోనులో వెతకడం కంటే కాగితం మీద వెయ్యడమే త్వరగా అవుతుంది. గుండె రోజుకు ఎన్నిసార్లు కొట్టుకుంటుంది? నిమిషానికి 70 అనుకుంటే 70, 60, 24 గుణిస్తే 1,00,800. మెరుపు కనిపించిన తొమ్మిది సెకన్లకు ఉరుము వినిపిస్తే అది ఎంత దూరంలో పడింది? ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది, అంటే మూడు సెకన్లకు ఒక కిలోమీటరు, కాబట్టి మూడు కిలోమీటర్లు. ఈ ఒక్కటి వచ్చిందంటే వానాకాలమంతా పిల్లలు వేళ్ల మీద లెక్కపెడుతూనే ఉంటారు.

రోజు నడిపే తీరు గురించి. మొదటి గంట కొట్టేలోపు పజిలు బోర్డు మూలన ఉండాలి, రోజూ ఒకే మూల, చుట్టూ గీత. ఒకరు బయటికి చదవాలి, చదవడం కష్టమైన పిల్లలకు అదే ఆసరా. తర్వాత రెండు నిమిషాలు నిశ్శబ్దం. చేతులెత్తడం లేదు, అరిచి చెప్పడం లేదు, ఎవరికి తోచింది వారు నోటుబుక్కులో రాసుకోవాలి. తర్వాత ఒక నిమిషం పక్కవారితో మాట్లాడుకోనివ్వాలి. జవాబు చీటీ మీద రాసి పెట్టెలో వెయ్యడానికి సాయంత్రం దాకా గడువు. చేతులెత్తించే పద్ధతిలో ముందు ఎత్తిన నలుగురికే ఆట, మిగిలినవారు వాళ్ల వంక చూస్తూ ఆలోచన ఆపేస్తారు. ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు ఎంతసేపు ఆగుతారో అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు కొలిచి చూస్తే, సగటున ఒక సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచితేనే జవాబులు పొడవయ్యాయి, నోరు విప్పని పిల్లల సంఖ్య తగ్గింది. మూడు సెకన్లకే అంత మార్పు ఉంటే రోజంతా ఇస్తే ఎంత మేలో ఊహించుకోవచ్చు.

మధ్యాహ్నం ఒక ఆధారం ఇవ్వవచ్చు. వరుస ముఖ్యం: ముందు అది ఏ కోవకు చెందిందో, తర్వాత ఎన్ని అక్షరాలో, అప్పటికీ తెగకపోతే మొదటి అక్షరం. మొదటి అక్షరంతోనే మొదలుపెడితే ఆట అక్కడికే అయిపోతుంది. మరునాడు ఉదయం ఒక విద్యార్థి బోర్డు దగ్గరికి వచ్చి జవాబుతోపాటు దారి కూడా చెప్పాలి. పెట్టెలో వచ్చిన తప్పు జవాబుల్లో ఒకదాన్ని, పేరు చెప్పకుండా, ఎక్కడ దారి తప్పిందో చూపాలి. మొత్తం ఏడు నిమిషాలు దాటకూడదు. పది అయిందంటే ఆ పీరియడు పాఠం నలుగుతుంది, నెలలోపు ఈ అలవాటే ఆగిపోతుంది. నలభై మంది తరగతిలో సాయంత్రానికి ఇరవై దాకా సరైన చీటీలు రావాలని గుర్తు పెట్టుకోండి. ఐదు కూడా రాలేదంటే ప్రశ్న కుదరలేదని అర్థం, ముప్పై ఐదు దాటితే మరీ తేలికని అర్థం.

శుక్రవారం కొత్త పజిలు వద్దు. గడిచిన వారాల ప్రశ్నల్లోంచి మూడు, పుస్తకం మూసి, మళ్లీ అడగాలి. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల మీద చేసిన పరీక్షలో, మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తర్వాత బాగా రాశారు. వారం గడిచాక చూస్తే, మళ్లీ చదవకుండా గుర్తుచేసుకుని రాసినవారే ముందున్నారు. అడగని ప్రశ్న నెల తిరిగేసరికి పిల్లల దగ్గర ఉండదు.

మార్కులు పెట్టవద్దు. మార్కు వచ్చిన మరుక్షణం చీటీలు నకలవుతాయి, ఇంట్లో పెద్దవాళ్లు రాసి పంపుతారు. గెలిచినవారికి వచ్చే వారం ఒక పజిలు తయారుచేసే అవకాశం ఇస్తే చాలు, పిల్లలకు అంతకు మించిన గౌరవం లేదు. ఇంట్లో తెలుగు కాకుండా వేరే భాష మాట్లాడే పిల్లలు మాటల పజిళ్లలో వెనకబడతారు. వారానికి రెండు రోజులు లెక్కలవీ బొమ్మలవీ పెడితే వాళ్లూ పెట్టెలో చీటీ వేస్తారు. అక్షరాలు తారుమారుగా కనిపించే ఇబ్బంది ఉన్న పిల్లలకు చెదిరిన అక్షరాల ఆట శిక్షలాంటిది, వారికి ఆ రోజు పొడుపు కథ నోటితో అడగాలి. యాస సంగతీ మరవకూడదు. చీపురు అని జవాబు ఉంటే పొరక అని రాసిన చీటీ కూడా ఒప్పే, గళ్ళ పజిలులో అక్షరాల లెక్క ఏది అడుగుతుందో అన్నది వేరే సంగతి.

మీ పత్రికకు నా విన్నపాలు కొన్ని ఉన్నాయి. పిల్లల పేజీలో జవాబును అదే రోజు ఇవ్వకండి, మరునాటి సంచికలో ఎందుకో రెండు వాక్యాలు జోడించి ఇవ్వండి. విజ్ఞానం ప్రశ్నలో అంకె ఉంటే అది ఏ ఏడాది లెక్కో రాయండి. గళ్ళ పజిలు గడి ఒక సెంటీమీటరుకు తగ్గనివ్వకండి. మన అక్షరానికి పైన గుడీ కింద ఒత్తూ ఉంటాయి, స్త్రీ అని రాయాలంటే ఇంగ్లీషు కొలతతో గీసిన గడి చాలదు, పిల్లలు ఒత్తును పక్క గడిలోకి తోసేస్తారు. తప్పు అచ్చయితే సవరణ కూడా అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో రావాలి. పిల్లలు ఆ పేజీని కత్తిరించి దాచుకుంటారు.

దీపానికి గిట్టని అంకె ఏదో ఈ ఉత్తరం అడుగున అచ్చువేయవద్దని మనవి. మధ్యాహ్నం ఇచ్చే ఆధారం: రెండక్షరాలు, పదికి లోపే. జవాబు రేపటి సంచికలో ఇవ్వండి.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయురాలు